తరుగు

అరండల్‌పేట పన్నెండో లైన్లో
సెల్‌ఫోన్లు విప్పుకుని కూర్చున్న రహంతుల్లా
అద్దాల బీరువాలోంచి దాన్ని తీసి నా ముందు పెట్టాడు.
నల్లగా, పలకలా, ఒక మూల చిన్న గీత.
పీఎస్ ఫోర్. పాతది. పదహారు వేలు.
"పిల్లాడికా అక్కా?"
అవునన్నాను.
మాకున్నది ఒక్క పిల్ల. సీఏ ఇంటర్ రెండోసారి రాస్తోంది,
ఆట అన్న మాట వింటే కళ్ళజోడు సర్దుకుంటుంది.

సరుకు చూడ్డం నాకు రాదని కాదు.
ఇరవై ఏళ్ళుగా కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తున్నాను.
తేజ కాయని చెవి దగ్గర ఆడించి
గింజ మోతని బట్టి తేమ చెప్తాను.
టిక్కీ మూతి విప్పకుండానే
అడుగున తాలు కలిపారో లేదో
తెచ్చినవాడి కళ్ళు చూసి చెప్తాను.
దీన్నీ అలాగే చెవి దగ్గరికెత్తి ఆడించబోతే
"అమ్మో, అక్కా!" అని కుర్రాడు రెండు చేతులా పట్టుకున్నాడు.
పట్టుకుని, నా చీర కొంగుకి రెండుసార్లు తుమ్మాడు.

ఆన్ చేశాడు. ఫ్యాను తిరిగింది.
మా మూడో ఛాంబరు కంప్రెసరుకి చెల్లెలుంటే
ఇలాగే ఊపిరి తీస్తుంది.
తెర మీద ఎర్ర కారొకటి సముద్రం పక్కన వంపు తిరుగుతోంది.
రిమోట్ చేతికిచ్చాడు.
బొటనవేళ్ళు ఎక్కడుండాలో
నన్నడక్కుండానే వెళ్ళి కూర్చున్నాయి.

తొంభై ఆరు వేసవి, సంగడిగుంట.
మా అన్న శౌరి తెచ్చిన వీడియో గేముకి రెండు రిమోట్లు.
మొదటిది వాడిది.
రెండోదానికి స్టార్ట్ బటనుండదు.
ఆట మొదలెట్టేదీ వాడే, ఆపేదీ వాడే.
నేను కుండలో నీళ్ళు ముంచుకుని వచ్చేలోగా
నా బొమ్మ చచ్చిపోయి ఉండేది.

"రెండో రిమోట్ కావాలంటే వేరే డబ్బులక్కా."
ఒకటి చాలన్నాను.
"ఇంకో రెండు నెలలాగితే ధర దిగుద్దా?"
"దిగుద్ది. పద్నాలుక్కి రావొచ్చు.
అప్పుడీ పీసు ఉంటదని మాత్రం చెప్పలేను."

ఇదే మాటని మా గేటు దగ్గర తిరగేసి చెప్పుకుంటారు,
ఆగితే పెరుగుద్ది అని.
పేరేచర్ల సాంబయ్య ఆగాడు. ఏడాదిన్నర.
ధర పెరగలేదు. కాయ రంగు దిగింది.
క్వింటాలుకి నాలుగు కిలోలు గాలికి పోయాయి.
పుస్తకంలో తరుగు అని రాసింది నేనే.
నాది ఏ ఛాంబర్లో పెట్టానో,
రసీదెక్కడ పారేశానో.
అద్దె మాత్రం ఏటా కడుతూనే ఉన్నాను.

చీటీ పాడిన డబ్బులు పప్పుల డబ్బాలో ఉన్నాయి.
మా ఆయన చెన్నై లోడు దించి వచ్చి, మొహం కడుక్కోకుండానే
"మరి ఫ్రిజ్జు?" అన్నాడు.
అంతే అన్నాడు. న్యాయమే.
ఆ తలుపు మూసి ఉండాలంటే
నీళ్ళ బిందె ఒకటి అడ్డం పెట్టాలి.

ప్రిస్కిల్లా నవ్వుతుందనుకున్నాను.
కళ్ళజోడు సర్దుకుని, ఠావు మధ్యన నిలువుగీత కొట్టింది.
ఏడాదికి తరుగుదల ఇంత.
కరెంటు ఇంత. డిస్కులు ఇంత.
మనింట్లో దుమ్మంటే కారమే కాబట్టి
లోపలికి పోతే రిపేరు ఇంత.
కూడింది. ఎర్ర పెన్నుతో కింద రెండు గీతలు గీసింది.
"లెక్క ప్రకారం వద్దమ్మా" అని పడుకుంది.

లైటు తీసేముందు ఠావు మళ్ళీ చూశాను.
గీతల కింద, పెన్సిల్‌తో, చీమంత అక్షరాలు:
రెండో రిమోట్, మూడు వేలు.

లేపి అడగలేదు.
మడిచి పప్పుల డబ్బాలో పెట్టాను.

రేపు డ్యూటీ దిగి అరండల్‌పేట వైపు వెళ్తాను.
కొంటానని కాదు.
ఇప్పటి రెండోవాటికి స్టార్ట్ బటనుంటుందో లేదో
చూడాలి.